స్కాన్ నార్మల్, తల మాత్రం పగిలిపోతోంది

ప్రశ్న: డాక్టరు గారూ, మాది మదనపల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. కె.ఆర్. పురంలో ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. వయసు 32, ఒక పాప. మాఘమాసంలో హొసకోటెలో పెళ్లి చూసుకుని స్కూటర్ మీద వస్తుంటే, రంగు వేయని హంపు మీద ఎగిరి వెనక్కి పడ్డాను. తలకి సగం హెల్మెట్ ఉంది. పెట్రోలు బంకు దాటడం గుర్తుంది, ఆ తర్వాత ఆసుపత్రి మంచమే. రెండు మూడు నిమిషాలు తెలివి లేదని మా ఆయన చెప్పారు. ఒకసారి వాంతి అయింది. సీటీ స్కాన్ తీసి ఏమీ లేదని మర్నాడు పంపించేశారు. రెండో రోజు మొదలైన తలనొప్పి ఐదు నెలలైనా వదల్లేదు. పెడతలలో పుట్టి కుడి కంటి వెనక్కి వస్తుంది. ట్యూబులైటు పడదు, మిషన్ చప్పుడు పడదు. మొదట్లో డోలో వేసుకునేదాన్ని, ఇప్పుడు సారిడాన్. వారంలో ఐదు రోజులైనా వేసుకోక తప్పడం లేదు. కొలతలు రాసుకున్న ఐదు నిమిషాలకే మరిచిపోతున్నాను. మా ఆయన ‘స్కాన్ బాగానే ఉంది కదా’ అంటారు. మా అత్త దిష్టి అంటుంది. నా తలలో గడ్డ ఏమైనా ఉందా? మళ్లీ స్కాన్ తీయించుకోవాలా? ఇది జన్మంతా ఉంటుందా? షాపు మూసేయమంటారా? (పెళ్లికి ముందు నెలసరి సమయంలో ఒంటి తలనొప్పి వచ్చేది. మా అమ్మకీ ఉంది.)

– ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: అమ్మా, బ్రాకెట్లో పెట్టి చివర్న రాసిన ఆ రెండు ముక్కలే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు గడ్డ సంగతి తేల్చేద్దాం, అది తేలకుండా మిగతాది మీ చెవికెక్కదు.

దెబ్బ తగిలినప్పుడు అప్పటికప్పుడు జరిగే పెద్ద రక్తస్రావం ఆ రాత్రి తీసిన సీటీలోనే కనపడుతుంది. మీకు కనపడలేదు. రెండో రకం మెల్లగా వచ్చేది. మెదడుకీ దాని పైపొరకీ మధ్య ఉండే సన్నటి సిరలు చిట్లి, రక్తం కొన్ని వారాలపాటు ఊరుతూ పోతుంది. ఇది ఎక్కువగా పెద్ద వయసు వాళ్లలో, బాగా తాగేవాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో చూస్తాం. అందులో నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది, మనిషి మగతగా ఉంటాడు, నడకలో తూలుతాడు, ఒక పక్క చెయ్యో కాలో బలం తగ్గుతుంది. మీరు 32 ఏళ్ల మనిషి. ఐదు నెలలుగా నొప్పి ఒకే తీరుగా వచ్చిపోతోంది, ఇవాళ్టికీ మిషన్ తొక్కుతున్నారు. మీకు అది ఉండే అవకాశం చాలా చాలా తక్కువ.

అలాగని ఉత్తరం చూసి తలలో ఏముందో చెప్పేసే డాక్టరుని నేను కాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మిమ్మల్ని నరాల డాక్టరు ఎవరూ చూసినట్టు లేదు. ఒకసారి చూపించుకోండి. కంటి వెనక పొర చూస్తారు, చేతులూ కాళ్ల బలం చూస్తారు, నడిపించి చూస్తారు. అందులో తేడా కనిపిస్తే, లేదా నొప్పి తీరు మారుతోందని అనిపిస్తే ఎమ్మారై రాస్తారు. తేడా ఏమీ లేకపోతే, భయం తీరడానికని మీ అంతట మీరు వేలకు వేలు పోసి తీయించుకోవద్దు. రెండు సంగతులు మాత్రం ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. పడుకున్న కాసేపటికే నొప్పి తగ్గి, లేచి కూర్చుంటే మళ్లీ వస్తోందా? ముక్కులోంచి నీళ్లలా ఏమైనా కారుతోందా? ఈ రెండిట్లో ఏది ఉన్నా మెదడు చుట్టూ ఉండే ద్రవం ఎక్కడో కారుతోందేమో చూడాలి, దాని వైద్యం వేరు.

ఇంకొకటి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా పడినా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చచ్చుబడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే సరిగ్గా లేవకపోయినా నా సమాధానాలు చదువుతూ కూర్చోకండి. అదే పూట ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

సరే, స్కాన్ నార్మల్ అయితే నొప్పి ఎక్కడిది? మీ పనిలోంచే చెబుతాను. మిషన్ కుట్టు జారుతోందనుకోండి. దాన్ని ఫొటో తీసి మెకానిక్కి పంపితే ఏం కనపడుతుంది? సూది ఉంది, బాబిన్ ఉంది, చక్రం ఉంది, ఎక్కడా విరగలేదు. సూదికీ హుక్కుకీ టైమింగ్ తప్పిన సంగతి ఫొటోలో పడదు. సీటీ స్కాన్ కూడా ఆ ఫొటో లాంటిదే. ఎముక విరిగితే చూపిస్తుంది, రక్తం చేరితే చూపిస్తుంది. మీ తల నేలకి తగిలినప్పుడు పుర్రె ఆగిపోయింది కానీ లోపల ద్రవంలో తేలుతున్న మెదడు ఆగలేదు, కుదుపుకి గిర్రున తిరిగింది. ఆ సాగుడుకి నరాల కణాల్లో ఉండాల్సిన లవణాలు బయటికి, బయటివి లోపలికి పోయాయి. వాటిని మళ్లీ సర్దుకోవడానికి మెదడు తన శక్తంతా ఖర్చు పెడుతుంది. చాలామందిలో ఆ సర్దుబాటు కొన్ని రోజుల్లో, వారాల్లో అయిపోతుంది. కొందరిలో నొప్పి మోసే దారులు మాత్రం ఆ మేలుకున్న స్థితిలోనే ఉండిపోతాయి. అప్పటి నుంచి వెలుతురు, చప్పుడు, ఆలస్యమైన అన్నం లాంటి చిన్న విషయానికి కూడా తల గంట కొట్టేస్తుంది. మీది ఊహ కాదు, నాటకం అసలే కాదు. దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు మొదలై 3 నెలలు దాటినా పోని తలనొప్పికి అంతర్జాతీయ వర్గీకరణలో ప్రత్యేకంగా ఒక పేరు, ఒక చోటు ఉన్నాయి. ఈ పేరా మీ ఆయనకి చదివి వినిపించండి. వీలైతే రెండుసార్లు.

ఇక అసలు విషయం. మీకున్నది ఒక తలనొప్పి కాదని నా అంచనా. మూడు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.

మొదటిది పార్శ్వపు నొప్పి తీరుది, అంటే మైగ్రేన్. ఒక పక్కే రావడం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం దాని గుర్తులు. మీ అమ్మకి ఉంది, మీకూ నెలసరికి వచ్చేది. అంటే మీ మెదడులో ఆ గుణం పుట్టుకతోనే ఉంది. నిద్రపోతున్న దాన్ని ఆ హంపు లేపింది. దెబ్బకి ముందు మైగ్రేన్ ఉన్నవాళ్లకి తలనొప్పి ఇలా ఎక్కువ కాలం నిలుస్తుందని అనుభవంలో చూస్తూనే ఉంటాం.

రెండోది మెడది. వెనక్కి పడ్డప్పుడు తలతో పాటు మెడా విసురుగా కదిలింది. పెడతలలో పుట్టి కంటి వెనక్కి రావడం ఏమిటని మీకు వింతగా ఉండొచ్చు. మీ కె.ఆర్. పురం దగ్గర రోడ్లు కలిసే టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ మీకు తెలిసిందే కదా. హొసకోటె వైపు లారీ ఆగిపోతే ఆ సెగ హెబ్బాళ రింగు రోడ్డు దాకా తగులుతుంది. మెడ పైభాగం నరాలూ, ముఖం నుంచీ కంటి చుట్టూ నుంచీ వచ్చే నరమూ మెదడు అడుగున ఒకే జంక్షన్లో కలుస్తాయి. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో మెదడుకి తెలియదు. మెడలో ఆగితే కంట్లో అనుకుంటుంది. దీనికి తోడు రోజంతా మెడ వంచి చేసే పని మీది.

మూడోది మాత్రలది. ఇది చెప్తే చాలామంది నమ్మరు, కొందరికి కోపం వస్తుంది. తలనొప్పికి వేసుకునే మాత్రే కొన్నాళ్లకి తలనొప్పి తెస్తుంది. డోలో లాంటి ఒట్టి పారాసెటమాల్ గానీ, ఐబుప్రొఫెన్ గానీ నెలలో 15 రోజులు అంతకు మించి 3 నెలలు దాటి వాడితే ఆ గీత దాటినట్టే. సారిడాన్‌లో రెండు నొప్పి మందులతో పాటు కెఫీన్ కూడా ఉంటుంది. అలాంటి కలగలుపు మాత్రలకి గీత ఇంకా ముందుంది, నెలకి 10 రోజులు. వారానికి ఐదు రోజులంటే మీకు నెలకి ఇరవై పైనే. మాత్ర ప్రభావం దిగగానే మెదడు ఇంకోటి అడుగుతుంది, ఆ అడగడమే మీకు నొప్పిగా తెలుస్తుంది. తెల్లవారుజామున నొప్పితోనే మెలకువ వస్తోందా? మీరు రాయలేదు కానీ వస్తోందనే అనుకుంటున్నాను.

నాకిది పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో అటక మీది స్టీలు డబ్బా జారి నా నెత్తిన పడింది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. కానీ రెండు నెలలు తలనొప్పి. ఊళ్లోవాళ్లకి బుద్ధులు చెప్పే నేను హ్యాండ్‌బ్యాగులో అట్ట పెట్టుకుని రోజూ మింగాను. ఒక స్నేహితురాలు, ఆవిడా డాక్టరే, ‘ఈ నెలలో ఎన్ని వేసుకున్నావు?’ అని అడిగింది. ఏడో ఎనిమిదో అన్నాను. ఖాళీ అట్టలు డ్రాయర్లోంచి తీసి లెక్కపెడితే ఇరవై ఆరు. అబద్ధం చెప్పాలనుకోలేదు, నిజంగానే నాకు తెలియదు. అందుకే ఎవరైనా నోటి లెక్క చెప్తే నేను నమ్మను. మీరూ మీ లెక్క నమ్మకండి. ఈ రోజు నుంచి ఖాళీ అట్టలు పారేయకుండా ఒక డబ్బాలో వేయండి.

జాకెట్టు కుట్లు విప్పాలంటే చివర వేసిన కుట్టు ముందు విప్పుతారు కదా. ఇక్కడా అంతే, మాత్రల పొర ముందు. అది ఉండగా మిగతా మందులు సరిగ్గా పట్టవు.

డోలో, సారిడాన్ లాంటివైతే మామూలుగా ఒకేసారి ఆపేయవచ్చు. కానీ షాపువాళ్లు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు కలిసిన బిళ్లలు గానీ, నిద్ర మాత్రలు గానీ ఇచ్చి ఉంటే అవి మీ అంతట మీరు ఆపకూడదు, డాక్టరు చేతి మీదుగా మెల్లగా తగ్గించాలి. మీ అట్టల మీద పేర్లన్నీ కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆపిన తర్వాత నొప్పి ముందు పెరుగుతుంది. ఇది ముందే తెలియకపోతే మూడో రోజుకి ఓడిపోతారు. రెండు నుంచి పది రోజులు గడ్డుగా ఉంటుంది. తలనొప్పి, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం. ఆ తర్వాత మెల్లగా దిగుతుంది, రెండు నెలలకి అసలు నొప్పి ఎంతో తేటగా కనపడుతుంది. ఇప్పుడు ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, మీ చేతిలో పని తక్కువ. అన్నిటికీ పనికిరాని నెల అంటారు గానీ దీనికి ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు. నరాల డాక్టరుని చూసి, ఆయన సరే అన్నాక, ఆ పది రోజులు పాపని తీసుకుని మదనపల్లె వెళ్లి మీ అమ్మ దగ్గర ఉండగలరేమో చూడండి. వంట బాధ్యత లేకపోతే సగం గెలిచినట్టే. ఆ రోజుల్లో అమృతాంజనం రాసుకోండి, చల్లటి గుడ్డ వేసుకోండి, అవి మాత్రల లెక్కలోకి రావు. (1893లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుప్పచ్చ డబ్బా ఇవాళ్టికీ మన ఇళ్లలో మొదటి వైద్యం. నాకేమీ అభ్యంతరం లేదు, కంటికి మాత్రం తగలనీయకండి.) తలకి తుండుగుడ్డ మరీ బిగించి కట్టడం వద్దు.

తర్వాత కూడా మాత్ర అసలు ముట్టకూడదని కాదు. వారానికి రెండు రోజులు మించకూడదు. నొప్పి మొదలైన వెంటనే, సరైన మోతాదులో, అన్నం తిన్నాక. ఇంట్లో ఉన్న దానికన్నా మైగ్రేన్ కోసమే ఉన్న మందు మీకు సరిపోతుందేమో డాక్టరు చెప్తారు.

వీటితో పాటు డాక్టరు రోజూ వేసుకునే నివారణ మందు రాయవచ్చు. ఇది వచ్చిన నొప్పిని తగ్గించేది కాదు, రాకుండా ఆపేది. ఎక్కువగా అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెడతారు, రాత్రి పూట 10 మిల్లీగ్రాములతో. ఫోనులో వెతికితే డిప్రెషన్ మందు అని వస్తుంది. మీ ఇంట్లో ఎవరో ఒకరు చూసి ‘నీకు పిచ్చి మాత్రలిచ్చారు’ అంటారు, మీరు ఆపేస్తారు. ఈ కథ నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. అది పాత డిప్రెషన్ మందే, కాదనను. కానీ ఇంత చిన్న మోతాదులో దాన్ని వాడేది నొప్పి దారులని శాంతపరచడానికి, నిద్రని కుదుటపరచడానికి. నోరు ఎండుతుంది, పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది, మలబద్ధకం రావచ్చు. పని చేస్తోందా లేదా అన్నది ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ తెలియదు, వారానికే తీర్పు చెప్పేయకండి. ప్రొప్రనొలాల్ అని ఇంకోటి ఉంది, ఆస్తమా ఉంటే పనికిరాదు. టోపిరమేట్ అని మరొకటి. అది కొందరిలో మాటలు వెతుక్కునేలా చేస్తుంది, ఇప్పటికే కొలతలు మరిచిపోతున్న మీకు నేనైతే మొదట ఇవ్వను. రెండో బిడ్డ ఆలోచన ఏమైనా ఉంటే ముందే చెప్పండి, టోపిరమేట్, వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకి మంచివి కావు. నొప్పి పెడతలలోనే కేంద్రంగా ఉంటే అక్కడి నరం పక్కన మత్తు ఇంజక్షన్ వేసే పద్ధతి కూడా ఉంది. పది నిమిషాల పని, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. కొందరికి కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, కొందరికి ఏమీ తేడా తెలియదు.

మెడకి ఫిజియోథెరపిస్టు కావాలి. మసాజుకి కాదు, మెడ లోపలి చిన్న కండరాలకి బలం తెచ్చే వ్యాయామం నేర్చుకోవడానికి. మీ వీధిలో మెడ విరిచి చప్పుడు తెప్పించేవాళ్లుంటే దూరంగా ఉండండి, మంగలి షాపులో చేసేదైనా సరే, బోర్డు పెట్టి చేసేదైనా సరే. ఇంట్లో మీరు మార్చాల్సినవి నాకు కళ్లకి కట్టినట్టు ఉన్నాయి. గుడ్డ నేల మీద పరిచి, వంగి కత్తిరిస్తున్నారు కదా? నడుమెత్తు బల్ల వేయించుకోండి, లేదా భోజనాల బల్ల వాడండి. మిషన్ కింద రెండు చెక్కలు పెట్టి కాస్త ఎత్తు చేస్తే మెడ వంపు తగ్గుతుంది. ఇరవై ఐదు నిమిషాలకి ఫోనులో గంట పెట్టుకోండి, మోగగానే ఆ కుట్టు మధ్యలో ఉన్నా సరే లేవండి. ట్యూబులైటు నెత్తి మీద కాకుండా ఎడమ పక్క నుంచి, పసుపు వెలుగు ఇచ్చే దీపం పెట్టుకోండి. ఇంట్లో నల్ల కళ్లద్దాలు మాత్రం వద్దు. చీకటికి అలవాటైన కంటికి వెలుతురు ఇంకా పడకుండా పోతుంది.

సూదికి దారం ఎక్కించడం కష్టంగా ఉందా? దగ్గరి అక్షరాలు రెండుగా కనపడతాయా? ఉంటే కంటి డాక్టరుకి, తలకి దెబ్బ తగిలిందని చెప్పి మరీ చూపించండి. రెండు కళ్లూ కలిసి ముక్కు వైపు తిరిగే శక్తి దెబ్బ తర్వాత తగ్గడం మామూలే. అద్దాల నంబరు సరిగ్గా ఉన్నా ఇది ఉండొచ్చు, దీనికి కంటి వ్యాయామాలున్నాయి. కుట్టుపని మనిషికి ఇది తేలకపోతే మిగతా వైద్యమంతా చేసినా సాయంత్రానికి తల పట్టేస్తుంది.

పాత రోజుల్లో తలకి దెబ్బంటే చీకటి గదిలో నెల రోజులు పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడు మొదటి ఒకటి రెండు రోజులే విశ్రాంతి అంటున్నారు, ఆ తర్వాత కొద్దికొద్దిగా కదలాలి. మీకు ఐదు నెలలు దాటింది కాబట్టి నడక ఇప్పుడు మందుతో సమానం. పొద్దున ట్రాఫిక్ మొదలవకముందు పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. నడిచే ముందు నొప్పికి పదికి ఎన్ని మార్కులో అనుకోండి. నడుస్తుంటే ఒకటి రెండు మార్కులు పెరిగి గంటలోపు దిగిపోతే ఫర్వాలేదు, అంతకన్నా పెరిగితే రేపు ఐదు నిమిషాలు తగ్గించండి. అన్నం వేళకి తినండి. ఏకాదశులు, శనివారాలు, శుక్రవారాలు ఉపవాసాలు ఉంటాయి మీ ఇంట్లో, తెలుసు. మైగ్రేన్ మెదడుకి ఖాళీ కడుపు పడదు, దేవుడికి చెప్పుకుని ఈ ఏడాదికి మానండి. కాఫీ రోజూ ఒకే లెక్కలో, రెండు గ్లాసులు దాటకుండా. ఒకరోజు నాలుగు, మర్నాడు సున్నా అంటే అదే నొప్పి తెస్తుంది.

మరుపు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ ఆ వాక్యంలో భయం కనపడింది. రాత్రి నిద్ర లేక, పగలు నొప్పి వల్ల మనసు చెదిరి ఉన్నప్పుడు కొత్త విషయం మెదడులో దిగదు. అది మతిమరుపు జబ్బు కాదు, నొప్పి దిగితే చాలావరకు అదీ దిగుతుంది. అంతదాకా కొలతలన్నీ ఒకే నోటుపుస్తకంలో రాయండి, చీటీల మీదా ఫోనులోనూ కాదు. ప్రతి ఆది జాకెట్టుకీ పేరు, తేదీ రాసిన కాగితం పిన్నుతో గుచ్చండి. కొలత తీసేటప్పుడు టీవీ ఆపండి, కస్టమరుతో కబుర్లు కొలత అయ్యాకే.

స్కూటర్ ఎక్కితే గుండె దడదడలాడుతోందా, హంపు చూస్తే ఒళ్లు బిగుసుకుంటోందా, పడ్డ కల వస్తోందా? ఉంటే అది కూడా తలనొప్పిని నిలబెడుతుంది, దానికీ వైద్యం ఉంది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌లో ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఇక మీ అత్తగారి దిష్టి. తీయించుకోండి. ఎర్రనీళ్లకీ ఉప్పూ మిరపకాయలకీ ఏ మందుతోనూ పేచీ లేదు, పెద్దావిడ మనసు కుదుటపడుతుంది. పొగ మాత్రం మీ ముఖానికి తగలకుండా చూడమనండి.

ఎక్కడికి వెళ్లాలి అని మీరు అడగలేదు, కానీ నేనైతే హొసూరు రోడ్డు నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ) అంటాను. పేరు వినగానే మీ ఇంట్లో ‘పిచ్చాసుపత్రి’ అంటారేమో. ఆ ఆవరణ ఒకప్పుడు మానసిక రోగుల ఆసుపత్రే. 1974లో దాన్నీ పక్కనున్న మానసిక ఆరోగ్య సంస్థనీ కలిపి ఇప్పటి సంస్థ చేశారు. ఆ పేరులో సగం మనసుకి, సగం నరాలకి. తల దెబ్బలు చూడటంలో దానికున్న అనుభవం దేశంలో కొద్ది చోట్లే ఉంటుంది. మరుపుని పరీక్షించి తర్ఫీదు ఇచ్చేవాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు అన్నీ ఒకే ఆవరణలో ఉంటారు. పొద్దున్నే వెళ్లాలి, రోజంతా పోతుంది, టిఫిన్ డబ్బా కట్టుకెళ్లండి. భాష గురించి బెంగ వద్దు, క్యూలో రాయలసీమ తెలుగు వినపడుతూనే ఉంటుంది. పాత సీటీ కాగితాలు, మాత్రల పేర్లు, రెండు వారాల తలనొప్పి లెక్క (ఏ రోజు, ఎంతసేపు, ఏం వేసుకున్నారు, నెలసరి ఎప్పుడు) చేతిలో ఉంటే మీరు చెప్పాల్సింది సగం అదే చెప్తుంది.

ఆ సగం హెల్మెట్ ఇంకా వాడుతున్నారా? దాని లోపలి తెల్లటి థర్మోకోల్ లాంటి పొర ఒక్కసారి నలగడానికే ఉంటుంది, మీ తల బదులు అదే నలిగింది. బయటికి బాగున్నా ఇక అది టోపీ మాత్రమే. చెవులూ గడ్డమూ మూసే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ మీకొకటి, వెనక కూర్చున్నా సరే. పాపకి దాని సైజుది.

జన్మంతా ఉంటుందా అన్నారు. 3 నెలలు దాటాక కూడా చాలామందిలో ఇది నెలనెలా పలచబడుతూ పోతుంది. ఒక రోజు లేచేసరికి మాయమయ్యేది కాదు. ముందు నెలకి ఇరవై రోజుల నొప్పి పన్నెండవుతుంది, తర్వాత ఏడు, మధ్యలో ఒక వారం మళ్లీ పెరిగి మిమ్మల్ని ఏడిపిస్తుంది. చివరికి పాత నెలసరి తలనొప్పి దగ్గర ఆగవచ్చు, అది మీ అమ్మ ఇచ్చిన ఆస్తి, నేను తీసేయలేను.

షాపు మూయకండి. ఇంట్లో ఊరికే కూర్చుంటే రోజంతా తలనే చూసుకుంటూ ఉంటారు, డబ్బు టెన్షన్ వేరే. కానీ శ్రావణం ఆర్డర్లు పోయినేడు పట్టిన వాటిలో సగమే పట్టండి. వరలక్ష్మీ వ్రతం ముందు రాత్రి రెండింటి దాకా మిషన్ మీద కూర్చునే పని ఈ ఏడు లేదు. వ్రతానికి వారం ముందు ఒప్పుకోవడం ఆపేస్తానని ఇప్పుడే గోడ మీద కాగితం అంటించండి. మామూలు జాకెట్లు, ఫాల్, పీకో మీరు చేసుకోండి. మగ్గం వర్క్ మాత్రం ఈసారికి తెలిసినవాళ్లకి పంపించేయండి.